ఎవరి చేతి తొక్కు

మా పాలమూరు దిక్కు తొక్కు నోట్లో పెట్టుకునే ముందు ఉప్పెంత, కారమెంత అని ఎవరూ అడగరు. ఎవరి చేతిది అని అడుగుతారు. చెయ్యి మంచిదైతే తొక్కు ఏడాది నిలుస్తుంది, కాకపోతే బూజు పడుతుంది. డాక్టరుకు హస్తవాసి ఎట్లాగో తొక్కు కలిపే ఆడదానికీ అట్లాగే అని మా వాళ్ళ నమ్మకం. అయితే చెయ్యి మంచిదా కాదా అనేదానికి ముందు, ఆ చెయ్యి ఏ ఇంటిది అనే ప్రశ్న ఒకటుంటుంది. దాన్ని ఎవరూ పైకి అడగరు. అడగాల్సిన అవసరమే వాళ్ళకు రాలేదు, ఎందుకంటే మా చేతులు ఆ దరిదాపులకు పోయేవి కావు.

మేము మాదిగలం. దొర తోటలో మామిడికాయ తెంపేది మేమే, గంపలకెత్తి మోసేది మేమే. చింతచెట్టెక్కి కాయ రాల్చేది మా మగవాళ్ళు. మిరపకాయ ఏరి, ఎండబోసి, తొడిమలు తీసేది మా ఆడవాళ్ళు. అంతవరకు ఏ మైలా లేదు. ఉప్పు తగిలిన దగ్గర్నుంచి మాత్రం మా చెయ్యి పనికిరాదు. ఎండుదానికి అంటు లేదు, ఉప్పు తగిలినదానికి ఉంది. ఈ శాస్త్రం ఎవడు చెప్పాడో గానీ వాడు పనిదొంగ అయి ఉండాలి, కష్టమున్న పనులన్నీ అంటులేని దిక్కుకు నెట్టాడు. మా అమ్మ బతుకంతా ఆ ఎండు పనిలోనే గడిచింది. మిరపకాయలు తీసీ తీసీ ఆమె వేళ్ళు ఎప్పుడూ మండుతుండేవి. చంటిపిల్లను ఎత్తుకోవాలంటే కూడా భయపడేది.

నేను ఉప్పు తగిలే పనికి పోయాను. ఎట్లా పోయానో, ఎట్లా తిరిగొచ్చానో చెబుతాను.

అచ్చంపేట రోడ్డు మీద, మా ఊరిని ఆనుకొని పంచాయతీ సమితి ఆఫీసు వచ్చిన కొత్తరోజులు అవి. అరవైలు మొదలై ఎంతో కాలం కాలేదు. ఆఫీసు వెనక విత్తనాల గోదాము ఖాళీ చేసి, సున్నం కొట్టి, పండ్ల నిల్వ కేంద్రం అని బోర్డు పెట్టారు. రేకు పరిచిన బల్లలు, పెద్ద పెద్ద గంగాళాలు, సీసాలకు మూతలు బిగించే మిషను ఒకటి లారీలో వచ్చాయి. ప్రారంభం రోజు ఒక ఆఫీసరు మాట్లాడాడు. మన అడవుల్లో సీతాఫలం నేలపాలవుతోంది, మన తోటల్లో మామిడి కుళ్ళిపోతోంది, పండును సీసాలో పెట్టడం నేర్చుకున్న దేశమే బాగుపడుతుంది అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. కుళ్ళిన మామిడికాయ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, తోటలో మా వాటాకు వచ్చేవి అవే.

కేంద్రంలో పని నేర్చుకోవడానికి ఊరి ఆడవాళ్ళను తీసుకున్నారు. హరిజనులకు కూడా చోటివ్వాలని సర్కారు మాట. మా వాడలో చదువొచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే, చిన్నప్పుడు క్రైస్తవుల మిషన్ బడిలో ఉండి చదువుకున్నాను. మా ఆయన దొర దగ్గర పశువులు కాస్తూ జీతమున్నాడు. దొరే సమితి ప్రెసిడెంటు కూడా. ఆయనకు ఇష్టమో కాదో తెలియదు గానీ, పైనుంచి వచ్చిన మాట కాబట్టి నా పేరు కొట్టెయ్యలేదు. నేర్చుకోవడం అయ్యాక మాలో ఒకరిని కేంద్రంలోనే కొలువులో పెట్టుకుంటామన్నారు. నెలనెలా జీతం, నీడపట్టున పని. నాకు ఆ కొలువు కావాలి. అంతకంటే పెద్ద కోరికేదీ నాకు లేదు. మళ్ళీ మిరపతోటకు పోకూడదు, అంతే.

మాకు నేర్పడానికి వచ్చినామె కృష్ణా జిల్లా మనిషి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది. టీచరమ్మ అనేవాళ్ళం. మంచిదే, కానీ ఆమె తెలుగు మాకు తెలుగులా అనిపించేది కాదు. మొదటిరోజు మామిడి అల్లం తెచ్చి, "తొక్క తీసి అవతల పారెయ్యండి" అన్నది. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తొక్కు నేర్పుతానని పిలిచి తొక్కు పారెయ్యమంటుందేమిటి అని. దర్జీ సాయిబు పెండ్లాం నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. చివరికి తేలిందేమిటంటే, మేము తొక్కు అనేదాన్ని వాళ్ళు పచ్చడి అంటారు, పైన ఉండే చెక్కును తొక్క అంటారు. అక్కడ్నుంచి టీచరమ్మ ఏ కాయ పట్టుకున్నా, "ఇది పారేసేదా, తినేదా అమ్మా?" అని అడిగి ఆమెను ఏడిపించేవాళ్ళం.

పొయ్యి మీద మొట్టమొదట చేసింది సీతాఫలం జాము. అప్పుడు ఆ పండ్ల కాలం. గింజలు తీయలేక చచ్చిపోయాం. మామిడికి, జామకాయకు పుస్తకంలో ఏ పద్ధతి ఉందో అదే పద్ధతిలో చక్కెర వేసి గంగాళంలో ఉడకబెట్టింది టీచరమ్మ. అది ఎర్రబడి, చేదెక్కి, నాలుక మీద పెట్టుకోలేనట్టు తయారైంది. సీతాఫలాన్ని పొయ్యి మీద ఉడికిస్తే చేదవుతుందని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. మేము పచ్చివి నిప్పుల్లో కాల్చుకొని తినేవాళ్ళం, లేదంటే మాగినవి తినేవాళ్ళం. ఉడికించిన పాపాన ఎవరూ పోలేదు. సర్కారు జాము అని ఊళ్ళో దానికి పేరొచ్చింది. చేదుగా మాట్లాడే అత్తలను కూడా కొన్నాళ్ళు అదే పేరుతో పిలిచారు.

తర్వాత చింతకాయలొచ్చాయి. అప్పుడు నా చెయ్యి బయటపడింది.

చింతకాయ తొక్కు అంటే పచ్చికాయను ఉప్పు, పసుపు వేసి రోట్లో దంచి, కొన్నాళ్ళు ఊరబెట్టి, ఈనెలు, గింజలు లాగేసి మళ్ళీ దంచాలి. టీచరమ్మ చెక్క గరిటెలు ఇచ్చింది, చేతులు తగలకూడదని ఆమె పద్ధతి. ఈనెలు గరిటెకు వస్తాయా? వేళ్ళే పెట్టాలి. అందరూ తలా ఒక జాడీ కలిపారు. నా జాడీ తప్ప మిగతావాటి మీద తెల్లటి బూజు కట్టింది. మళ్ళీ కలిపితే మళ్ళీ అంతే. మిషన్ బడిలో చేతులు కడుక్కునే అలవాటు గట్టిగా పట్టుబడ్డది, అదే కారణమని టీచరమ్మ చెప్పింది. మిగతావాళ్ళు మాత్రం, "దీని చెయ్యి మంచిది" అన్నారు. నాకు టీచరమ్మ మాట కంటే వాళ్ళ మాటే బాగుంది. అప్పట్నుంచి కలిపే పని నాకే ఇచ్చారు. మోచేతుల దాకా ఉప్పు, పసుపు, చింతపులుసు. ఇంటికి పోయి ఆ చేతులను వాసన చూసుకునేదాన్ని. గర్వంగా ఉండేది.

సీసాలకు మూతలు బిగించే మిషను దగ్గర కూర్చునేది గుడి అయ్యగారింటి అమ్మ. చిన్నతనంలోనే భర్త పోయాడు, మరిది ఇంట్లో ఉంటుంది. కేంద్రంలో ఇచ్చే డబ్బుల కోసం మరిది ఆమెను పంపాడు, కానీ తినే వస్తువేదీ ముట్టకూడదని షరతు పెట్టాడు. అంటే ఆమెదీ ఎండు పనే. నాతో మాట్లాడేది గానీ దూరంగా కూర్చొని మాట్లాడేది. నేను సీసా నింపి బల్ల మీద పెట్టి వెనక్కి జరిగితే అప్పుడు తీసుకునేది. నాకు మండేది. మళ్ళీ ఆమె ముఖం చూస్తే ఏమీ అనబుద్ధయ్యేది కాదు.

సీసాలను వారం అంగడికి పంపారు. చీటీ మీద సమితి పేరు, తొక్కు పేరు అచ్చువేశారు. టీచరమ్మ, నేను, బండి తోలే చప్రాసి కలిసి పోయాం. జనం బాగానే మూగారు. గాజుసీసాను ఎండకు ఎత్తిపట్టి చూశారు. చూసి, ప్రతివాళ్ళూ ఒకటే మాట.

"ఎవరి చేతిదమ్మా?"

"కేంద్రంలో చేసిందండీ. సర్కారుది" అన్నది టీచరమ్మ.

"సర్కారుకు చెయ్యేడుంటది బిడ్డా?" అన్నాడు ఒక ముసలాయన. సీసా మెల్లగా బండి మీద పెట్టి పోయాడు. ఆయన వెనక మిగతావాళ్ళూ పోయారు. ఆ పూట ఒక్కటీ అమ్ముడుపోలేదు.

తర్వాతి అంగడికి టీచరమ్మ రాలేదు. చప్రాసి తెలివైనవాడు. ఎవరి చేతిది అని మొదటి మనిషి అడగ్గానే, "అయ్యగారింటి అమ్మ కలిపింది, ఇంకేం ఫికర్?" అన్నాడు. నేను బండి పక్కనే ఉన్నాను. పొద్దు వాలకముందే బండి ఖాళీ. ఆ ముసలాయన కూడా కొన్నాడు. కొని, కళ్ళకు అద్దుకున్నాడు.

నేను పోయి టీచరమ్మతో చెప్పాను. ఆమెకూ బాగా అనిపించలేదు. గాజుసీసాను కొంగుతో తుడుస్తూ అన్నది.

"ముందు నాలుగు సీసాలు అమ్ముడుపోనీమ్మా. కేంద్రం నిలబడితే నువ్వూ నిలబడతావు. తర్వాత చూద్దాం."

సరే అన్నాను. కేంద్రం నిలబడితేనే నా కొలువు. ఆ తొక్కుకు ఊళ్ళో అయ్యగారింటి తొక్కు అని పేరు పడిపోయింది. పట్వారి ఇంటికి పోయింది, షావుకారి ఇంటికి పోయింది, దొర గడీలోకి జాడీలకు జాడీలు పోయాయి. మామిడి కాలం వచ్చేసరికి మేము నింపలేకపోయేవాళ్ళం.

మా అత్తకు ఈ సంగతి చెబితే కడుపు పట్టుకొని నవ్వింది. "తిననియ్యి బిడ్డా. దొరోళ్ళ కడుపుల నీ చెయ్యి వడ్డది" అన్నది. వాడంతా కొన్నాళ్ళు అదే ముచ్చట. గడీ ముందు నుంచి పోతూ మావాళ్ళు ఒకరినొకరు చూసుకొని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. మా ఆయన మాత్రం నవ్వలేదు. "ఎరుకైతే ఏం జేస్తరో తెలుసా నీకు?" అన్నాడు. నవ్వేవాళ్ళ మీద కూడా నాకు కోపమొచ్చేది. నా తొక్కు వాళ్ళు తెలియక తింటున్నారనే సంతోషం మావాళ్ళది. తెలిసి తినాలనే పంతం నాది. రెండూ ఒకటి కాదు.

ఒకరోజు మూతల మిషను దగ్గర అయ్యగారింటి అమ్మ తనంతట తానే అన్నది. "పెండ్లి పేరంటానికి నా చెయ్యి పనికిరాదంటరు. పొద్దున ఎదురొస్తే ఎనక్కి తిరుగుతరు. గీ తొక్కుకు మాత్రం పనికొచ్చింది నా చెయ్యి. అదిగూడ నేను పెట్టని చెయ్యి."

నేను నింపిన సీసా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాను.

మామిడి కాలం అయిపోతుండగా హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. మా కేంద్రం బాగా నడుస్తోందని ఆయన దాకా పోయింది. కొలువు ఎవరికివ్వాలో ఆయనే చెప్పి పోతాడని మాకు తెలుసు. సమితి హాల్లో వేడి అన్నం, నెయ్యి, మా తొక్కులు పెట్టారు. ఆఫీసరు పక్కన ప్రెసిడెంటు దొర కూర్చున్నాడు. మేమందరం గోడ వెంబడి నిలబడ్డాం. ఆఫీసరు తినేముందు మాట్లాడాడు. కులాలు, మతాలు పోవాలంటే ఇట్లాంటి పరిశ్రమలు ఊరూరా రావాలన్నాడు. దొర తలూపాడు. ఆ తర్వాత ఆఫీసరు చింతకాయ తొక్కు కలుపుకొని ఒక ముద్ద తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎంత చదువుకుంటేనేం, ఆయనా తెలుగువాడే కదా.

"ఎవరి చెయ్యమ్మా ఇది? ఆ చెయ్యినే ఇక్కడ పెట్టుకుందాం" అన్నాడు.

దొర నవ్వుతూ అయ్యగారింటి అమ్మ వైపు చూపించాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మరిది కూడా గుమ్మంలో ఉన్నాడు. ఆమె ముఖం పాలిపోయింది. తినే వస్తువు ముట్టకూడదని ఆమెకు పెట్టిన షరతు నాకు తెలుసు. ఊళ్ళో మాట ఆమె మరిది చెవిన పడకుండా ఉండదు, అప్పటికే ఇంట్లో ఎన్ని అన్నాడో.

"నా చేతిది కాదు. నేను ఒక్కనాడు ముట్టలే. మూతలే బిగిస్త" అన్నది ఆమె.

టీచరమ్మ నేలచూపులు చూస్తోంది. ఆఫీసరుకు అర్థం కాలేదు. "మరి ఎవరిది?" అన్నాడు.

నేను ఊరుకుంటే కొలువు ఇంకొకరిది. చెబితే ఏమవుతుందో తెలియదు. తెలియకపోవడమేమిటి, తెలుసు. కానీ అంతమంది ముందు, ఒక ఆఫీసరు, అన్నం కలుపుకున్న చేత్తో, నా చెయ్యి ఏది అని అడుగుతున్నాడు. మా వంశంలో అటువంటి ప్రశ్న ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు.

"నాది సార్. అన్నీ నేనే కలిపిన" అన్నాను.

దొర చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. నన్ను చూశాడు. నేనెవరి పెండ్లామో, ఏ వాడదాన్నో అక్కడ అందరిలోకీ ఆయనకే బాగా తెలుసు. లేచాడు. బయట అరుగు మీద నిలబడి నోరు పుక్కిలించాడు. చెంబు అయిపోతే ఇంకో చెంబు తెమ్మన్నాడు. ఆ చప్పుడు లోపలికి వినిపిస్తోంది. ఆఫీసరు నోట్లో ముద్ద నమిలి మింగాడు. దొర వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. సగం అన్నం అట్లాగే ఉంది. దొర మీద నాకు కోపం రాలేదు, ఆయన నుంచి ఇంకేమీ ఎదురుచూడలేదు గనక. ఆ ఆఫీసరు మీద వచ్చిన కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

మర్నాటి నుంచి సీసాలు తిరిగి రావడం మొదలైంది. సమితి ఆఫీసు మెట్ల మీద పెట్టి పోయేవాళ్ళు. సగం తిన్నవి, పావు తిన్నవి, మూత తీయనివి. పూర్తిగా తిన్న సీసా మాత్రం ఒక్కటి కూడా తిరిగి రాలేదు. తొక్కు మైలపడింది గానీ గాజు పడలేదన్నమాట. పసుపునీళ్ళతో కడిగి ఇళ్ళల్లో దాచుకున్నారు. పట్వారి ఇంటి గూట్లో ఆ సీసాలో మెంతులు పోసి పెట్టడం నేను తర్వాత వాకిట్లో నిలబడి నా కళ్ళతో చూశాను. మెట్ల మీదివన్నీ చప్రాసి సమితి పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చిపెట్టాడు. మా ఆయనను దొర కొట్టించలేదు, ఆఫీసరుకు తెలుస్తుందని భయమేమో. కానీ చాలా రోజులు పశువుల కొట్టంలోనే పడుకోమన్నాడు, ఇంటికి పోనివ్వలేదు.

కేంద్రం మూసేశారు. జనంలో గిరాకీ లేదని కారణం చెప్పారట. ఊరు ఊరంతా తిన్న తొక్కుకు గిరాకీ లేదు. టీచరమ్మకు వేరే చోటికి బదిలీ అయింది. పోయే ముందు వాడ మొగదల దాకా వచ్చి నన్ను పిలిపించింది.

"నువ్వు ఆ ఒక్కపూట ఊరుకుని ఉంటే పోయేదమ్మా" అన్నది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఊకుంటే ఆ కొలువు నాకెట్లొస్తుండె టీచరమ్మా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి రోడ్డు దిక్కు నడిచింది. అయ్యగారింటి అమ్మను ఆ తర్వాత బయటికి పంపలేదు. కాదని నిజమే చెప్పింది గానీ, ఆ నిజం నామీద పడింది. ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. ఆ కోపం కొన్నాళ్ళకు పోయింది.

మళ్ళీ చింతకాయల కాలం వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం, మగవాళ్ళెవరూ లేని వేళ, గడీలో పనిచేసే ముసలామె మా గుడిసె దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, కూలబడి, గొంతు తగ్గించింది.

"దొర చిన్నకోడలుకు నెల తప్పింది బిడ్డా. ఏం తిన్నా కక్కుతాంది. పుట్టింటి తొక్కు పెట్టిన్రు, అయ్యగారింటి నుంచి తెచ్చి పెట్టిన్రు, ఏదీ నోటికి పోతలేదు. అప్పటి సీసల తొక్కే గావాలంటది. జర కలిపియ్యి. ఎవ్వరికి ఎరుక కావద్దు."

కడుపుతో ఉన్నామె కోరింది కాదనడం పాపమంటారు మాలో. మా అత్త అప్పటికే రోలు కడుగుతోంది. నాకు మాత్రం కోపమొచ్చింది. కోడలిని నేనెరుగను, వేరే ఊరి పిల్ల, ఆమె నాకేం చేసిందని? కానీ ఆమె తినే పళ్ళెం ఆ ఇంటిదే. ఆ అరుగు మీద పుక్కిలించిన చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు.

మా ఇంటికని ముందే ఉప్పు, పసుపు వేసి దంచి ఊరబెట్టిన కాయను తీసుకొని కూర్చున్నాను. ఈనెలు ఒక్కొక్కటి లాగాను, మళ్ళీ దంచాను. చిన్న ముంతలో పెట్టి ముసలామె చేతికిచ్చి అన్నాను.

"ఇస్త గని ఒక మాట. తినే ముందు ఎవరి చేతిదని ఆమెను అడగమను. అడిగితే నా చేతిదని చెప్పు. చెప్పినంక తింటే తిననియ్యి. లేకుంటే ముంత ఎనక్కి పట్టుకరా."

ముసలామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ముంతను కొంగు కింద పెట్టుకొని పోయింది. నేను వాకిట్లోనే కూర్చున్నాను. అత్త బువ్వకు పిలిచినా లేవలేదు. ముంత తిరిగొస్తే ఏం చేస్తానో నాకు తెలియదు. పగలగొడతానేమో అనుకున్నాను.

పొద్దుగుంకే వేళకు ముసలామె వచ్చింది. ముంత ఖాళీగా ఉంది, లోపల వేలితో తుడిచి తిన్న గీతలున్నాయి.

"అడిగిందా?"

"అడిగింది."

"చెప్పినవా?"

"చెప్పిన. నీ పేరు, నీ వాడ, అన్నీ చెప్పిన."

"ఏమన్నది?"

"ఏమనలే. లేచి తలుపు గొళ్ళెం పెట్టుకొని తిన్నది."

నాకు ఏడుపొచ్చింది. అది సంతోషమని మా అత్త అనుకుంది. కొంత సంతోషమే కావచ్చు, కానీ ఆ గొళ్ళెం మాట లేకుంటే పూర్తిగా సంతోషమయ్యేది. చేతులు ఇంకా చింతకాయ వాసన వేస్తున్నాయి. కడుక్కోబుద్ధి కాలేదు, అట్లాగే పడుకున్నాను.

మర్నాడు దొర మిరపతోటలో ఏరుడు మొదలైంది. నేను గంప ఎత్తుకొని మా ఆడవాళ్ళతో పాటు పోయాను. ఉప్పు తగలని పని.